జ్యూరీ ముందుకు రాని బడి

2022 సెప్టెంబరు 5. సోమవారం. ఢిల్లీ, విజ్ఞాన్ భవన్.

ముందు వరసల్లో 46 మంది. చేతులు ఒళ్లో. వీపులు నిటారుగా. ఏళ్ల తరబడి పొద్దున్నే హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచినవాళ్లు, పలకని పిల్లాడి కోసం తలెత్తి చూసినవాళ్లు, మూడు రోజులు రాకపోతే సాయంత్రం వాళ్లింటికే వెళ్లి తలుపు కొట్టినవాళ్లు, ఇవాళ తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని తామే పిల్లల్లా చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఈసారి హాజరు వాళ్లది.

మైకులో ఒక్కో పేరు. పేరు వెనక బడి. బడి వెనక ఊరు.

తెలంగాణ వంతు వచ్చింది. ముగ్గురు. హైదరాబాద్ నాచారంలోని ఢిల్లీ పబ్లిక్ స్కూల్ నుంచి సునీతారావు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి టి.ఎన్. శ్రీధర్. ఇంకొకరు కందాల రామయ్య. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, అబ్బాపూర్, ములుగు జిల్లా.

ములుగు. ఆ మాట విని ఆ హాల్లో ఎంతమందికి ఏం గుర్తొచ్చి ఉంటుంది? వరంగల్‌లో బస్సెక్కి గోదావరి దిక్కుకి పోయినవాళ్లకి మాత్రం ఒళ్లు ఝల్లుమంటుంది. ములుగు దాటాక పస్రా. పస్రా దాటాక తాడ్వాయి అడవి. రెండు పక్కలా చెట్లు మీదికి వంగుతాయి. కిటికీలోంచి ఆకు వాసన, తడి మట్టి వాసన. ఆ అడవి అవతల ఏటూరునాగారం. అంత దూరపు జిల్లా పేరు మైకులో మోగింది.

అవార్డు అందించే చోట రాష్ట్రపతి ద్రౌపది ముర్ము. ఆ పదవిలోకి వచ్చి 42 రోజులు. రాష్ట్రపతిగా ఆమెకిదే తొలి ఉపాధ్యాయ దినోత్సవం. వెండి పతకం, ప్రశంసాపత్రం, 50 వేల రూపాయలు. ఆ రోజు పతకాలు అందించిన చేయి కూడా ఒకప్పుడు చాక్‌పీసు పట్టిందే.

ఒడిశా మయూర్‌భంజ్ జిల్లాలో ఉపర్‌బేడా అనే ఊరు. సంతాలీ కుటుంబం. రాయ్‌రంగ్‌పూర్‌లోని శ్రీ అరబిందో విద్యాకేంద్రంలో ఆమె గౌరవ ఉపాధ్యాయినిగా పాఠాలు చెప్పారు. ఆ రోజు వేదిక మీద తన టీచర్లని తలుచుకున్నారు. తమ ఊళ్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లని తానేనని, ఆ రుణం టీచర్లదేనని అన్నారు. సైన్సయినా సాహిత్యమైనా అమ్మ భాషలో చెబితే పిల్లల్లో ప్రతిభ ఇంకా బాగా వికసిస్తుందన్నారు.

అమ్మ భాష. ఆ రెండు మాటలు పట్టుకుని ఏటూరునాగారం దాకా పోవాలి. పోయేముందు, ఈ హాల్లోకి వచ్చే దారి ఎలాంటిదో చూడాలి.

*

ఆ దారి ఒక కంప్యూటర్ తెర ముందు మొదలవుతుంది.

జాతీయ ఉపాధ్యాయ అవార్డు 1958 నాటిది. చాలాకాలం టీచరు తనంతట తాను అడగడానికి వీల్లేదు. పేర్లు రాష్ట్రం పంపాలి. ఏటా మూడు వందల మందికి పైగా ఇచ్చేవాళ్లు. 2018లో కేంద్రం ఆ పద్ధతంతా తిరగరాసింది. సంఖ్యని 45 దరిదాపులకి కుదించింది. టీచరే ఆన్‌లైన్‌లో తన పేరు తాను పెట్టుకోవాలంది. దాంతోపాటు ఫొటోలు, వీడియోలు, చేసిన పనికి రుజువులు. చెప్పిందంతా నిజమేనని హామీ.

మంచి మార్పే. ఎవరి గడప తొక్కకుండా, ఎవరి సిఫారసూ లేకుండా పేరు పెట్టుకోవచ్చు. కానీ ఇరవై ఏళ్లు ప్రోగ్రెస్ కార్డుల మీద ‘బాగా చదువుతున్నాడు’ అని రాసిన చేయి, ‘నేను బాగా చెప్తాను’ అని రాయాల్సి వస్తే? కర్సర్ మిణుకు మిణుకుమంటుంది. గది బయట పిల్లల గోల. రాత్రి పది దాటుతుంది. రాయాలా వద్దా అని ఊగిసలాడి, ఇప్పుడెందుకులే అని మూసేస్తే అంతే. ఆ పేరు ఇక ఏ జ్యూరీ కంటా పడదు.

మూసెయ్యకుండా ‘సబ్మిట్’ నొక్కినవాళ్ల ముందు మూడు గదులుంటాయి.

మొదటి గది జిల్లాలో. జిల్లా విద్యాధికారి అధ్యక్షుడు. పక్కన కలెక్టర్ ఎంపిక చేసిన విద్యావేత్త. రాష్ట్రం తరఫున ఒకరు. మొత్తం వంద మార్కులు. శిక్షణలు, వార్షిక నివేదికలు లాంటి కొలవగలిగిన వాటికి 10. మిగతా 90 పనితీరుకి. కొత్తగా ఏం చేశాడు? బడిలో పిల్లలు పెరిగారా? మానేసినవాళ్లు తిరిగొచ్చారా? ఊరిని బడి వైపు తిప్పాడా? కాగితం మీద చెప్పింది నేల మీద ఉందో లేదో సరిచూసుకోవాల్సిన బాధ్యత ఈ గదిదే. ఇక్కడి నుంచి బయటపడేవి మూడే పేర్లు.

రెండో గది రాష్ట్రంలో. అక్కడ జిల్లాల పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. చాలా పేర్లు అక్కడే ఆగిపోతాయి.

మూడో గది ఢిల్లీది. స్వతంత్ర జాతీయ జ్యూరీ. టీచరు తన రాష్ట్రం నుంచే తెర మీద కనిపిస్తాడు. చేతిలో కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఇన్నేళ్ల వానలు, ఎండలు, పగిలిన బల్లలు, మూడో తరగతిలో బడి మానేసి ఏడో తరగతి వయసులో తిరిగొచ్చిన పిల్ల, వాళ్ల నాన్నతో పత్తి చేలో నిలబడి గంటసేపు చేసిన వాదన, అన్నీ ఇమడాలి. ఇమడవు. జ్యూరీలో తల పండినవాళ్లకి ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్ల చూపు మెరిసే ఫొటో మీద ఆగదు. పిల్లలు పెరిగారంటే, అంతకుముందు ఎంతమంది అని అడుగుతారు. అందరూ పాసయ్యారంటే, పరీక్షకి రానివాళ్లెవరని అడుగుతారు.

అనుభవం ఉన్న జడ్జికీ లేని జడ్జికీ తేడా, జవాబు విన్నాక అడిగే ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్లే విజ్ఞాన్ భవన్ మెట్లెక్కుతారు.

కొందరి విషయంలో ఆ ప్రశ్న సముద్రాలు కూడా దాటి వచ్చింది.

*

2020 డిసెంబరు 3. గురువారం. కోవిడ్ కాలం. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం. వేదిక మీద నటుడు స్టీఫెన్ ఫ్రై. ఎదురుగా కెమెరా. గ్లోబల్ టీచర్ ప్రైజ్. 140 దేశాలకు పైగా, 12 వేలకు పైగా పేర్లు. జ్యూరీ వడపోసి, వడపోసి, పదికి తెచ్చింది. బహుమతి 10 లక్షల డాలర్లు.

ఇటు మహారాష్ట్రలో ఒక గది. రంజిత్‌సింహ్ డిసలే. పక్కనే అమ్మ, నాన్న. ముగ్గురూ తెర వైపు కళ్లప్పగించి కూర్చున్నారు.

ఆయన బడి షోలాపూర్ జిల్లా పరితేవాడిలో. షోలాపూర్ మనకేమీ పరాయిది కాదు. మన పద్మశాలీలు తరాలుగా మగ్గం నేసిన ఊరు. పరితేవాడి మాత్రం చిన్న పల్లె. 2009లో డిసలే అక్కడికి వెళ్లేసరికి బడి పాడుబడి ఉంది. ఒక పక్క పశువుల కొట్టం. ఇంకో పక్క సామాన్లు పడేసే గది. ఆడపిల్లల హాజరు కొన్నిసార్లు 2 శాతం. చిన్న వయసులోనే పెళ్లిళ్లు. పుస్తకాల్లో ఉన్న భాష పిల్లల ఇళ్లలో లేదు. వాళ్లు కన్నడం మాట్లాడతారు.

ఆయన ముందు పుస్తకం మూసేశాడు. కన్నడం నేర్చుకున్నాడు. తర్వాత పుస్తకాల్ని పిల్లల భాషలోకి మార్చాడు. పేజీల్లో క్యూఆర్ కోడ్‌లు అతికించాడు. ఫోన్ పెడితే పాట వస్తుంది, కథ వస్తుంది, పాఠం వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు ఆ ఫోన్ చుట్టూ మూగారు. ఆడపిల్లలు బడికి వచ్చారు. బాల్యవివాహాలు ఆగాయి. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ కోడ్‌ల పద్ధతిని రాష్ట్రమంతటికీ తీసుకుంది. ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోకీ అవి వచ్చాయి. కానీ ఆ రాత్రి ఆ గదిలో ఇవేవీ లేవు. ముగ్గురు మనుషులు. ఒక తెర.

ఫ్రై పేరు చదివాడు.

గది బద్దలైంది. అమ్మానాన్నలు కేకలు వేసి కొడుకుని వాటేసుకున్నారు. ఆయన నోట మాట లేదు. కాసేపటికి తేరుకుని చెప్పిన మాట మాత్రం లండన్‌ని కూడా నిశ్శబ్దం చేసి ఉంటుంది. బహుమతిలో సగం తనకొద్దన్నాడు. తనతోపాటు చివరిదాకా వచ్చిన తొమ్మిది మందికీ సమానంగా పంచమన్నాడు. ఒక్కొక్కరికీ 55 వేల డాలర్లకు పైగా.

ఆ తొమ్మిది మందిలో ఇద్దర్ని ఇక్కడ తలుచుకోవాలి. మలేషియా నుంచి శామ్యూల్ ఐజయా, అక్కడి ఆదివాసులైన ఒరాంగ్ అస్లీ పిల్లలకి పాఠాలు చెప్పినవాడు. వియత్నాం నుంచి హా అన్ ఫువాంగ్, ముయాంగ్ అనే కొండజాతి ఇంటి బిడ్డ. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. ప్రపంచపు జ్యూరీ చివరికి ఎంచుకున్న పదిమందిలో ముగ్గురి కథకి మూలం అదే. ఏటూరునాగారంలో ప్రతి ఉదయం గంట కొట్టగానే మొదలయ్యే కథ కూడా అదే.

*

గోదావరి పక్కన, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉన్న ఊరు ఏటూరునాగారం. ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లా. చుట్టూ అభయారణ్యం. అడవి లోపల కోయగూడేలు.

మొదటిరోజు బడికొచ్చిన కోయ పిల్ల ‘ఏరు’ అంటుంది. తెలుగు చదివిన కొత్త టీచరు కిటికీలోంచి వాగు వైపు చూస్తాడు. వరద వచ్చిందేమోనని గుండె గుబేలుమంటుంది. పిల్ల మళ్లీ అంటుంది. ఏరు. గొంతు ఎండిపోతోంది దానికి. కోయభాషలో ఏరంటే నీళ్లు. రెండు భాషల వేరు ఒక్కటే, దప్పిక మాత్రం పిల్లది. ఆ మాట అర్థమయ్యే దాకా ఆ పిల్ల ఏ మార్కుల పట్టీలోనూ ఎక్కదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్న తరగతులకి పాఠాలు తయారు చెయ్యడం మొదలైంది. అందులో కోయ ఉంది. పుస్తకం ఒకటి. దాన్ని చేతిలో పట్టుకుని ఆ భాషలో పలకరించే మనిషి ఇంకొకటి. ఆ మనిషి చాలా ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీ. కాంట్రాక్ట్ టీచరు. ఏటా రెన్యువల్ ఆర్డర్ కోసం ఎదురుచూసే మనిషి. ఆ మనిషే రాత్రి పది గంటలకి అవార్డు పోర్టల్ తెరిచాడనుకోండి. ఏళ్ల పని ఉంది. ఫొటోలున్నాయి. తిరిగొచ్చిన పిల్లలున్నారు. నిబంధనలు చదువుతాడు. రెగ్యులర్ టీచర్లు మాత్రమే. కాంట్రాక్ట్ టీచర్లు అర్హులు కారు.

తలుపు అక్కడే మూసుకుంటుంది. జ్యూరీ తప్పు లేదు. వాళ్ల బల్ల మీదికి ఆ ఫైలు రానే రాదు. కానీ ఆ ఒక్క వాక్యం దగ్గర ఎంతమంది మంచి టీచర్లు ఆగిపోయారో లెక్కపెట్టే జ్యూరీ కూడా ఏదీ లేదు. అది బాధ.

ఇదే జిల్లాలో ఒక కట్టడానికి మాత్రం ప్రపంచం పరీక్ష పెట్టింది. పాలంపేట రామప్ప గుడి. 2019లో ఒక విదేశీ నిపుణుడు వచ్చి చూసి వెళ్లాడు. 2021 జూలై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. 2022 డిసెంబరులో రాష్ట్రపతి ముర్ము కూడా వచ్చి ఆ గుడి చూశారు. ఆ గుడి దాటి ఏటూరునాగారం వైపు ఇంకాస్త పోతే జంపన్నవాగు. దాని ఒడ్డున మరుసటి ఏడాది ఎవరూ అడగని పరీక్ష వచ్చిపడింది.

2023 జూలై. 26 రాత్రి తెల్లారకుండానే 27లోకి జారింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన. రాష్ట్రంలో అంతకుముందు అంత వాన ఎప్పుడూ లెక్కకి రాలేదు. 2013లో ఇదే వైపు వాజేడులో పడిన 517.5 పాత రికార్డు. జంపన్నవాగు ఒడ్డు తెగింది. ఏటూరునాగారం మండలం కొండాయి ఊరి మీదికి వచ్చింది. ఎనిమిది మంది పోయారు. రోడ్లు తెగాయి. వంతెనలు కొట్టుకుపోయాయి. కరెంటు లేదు. చీకట్లో నీళ్ల హోరు తప్ప ఇంకేం వినపడదు.

ఆ వరదల్లోనే ఒక గిరిజన ఆశ్రమ పాఠశాల. లోపల 40 మంది పిల్లలు. బయట నీళ్లు. వాళ్ల అమ్మానాన్నలు ఎక్కడో గూడేల్లో. పిల్లల పక్కన ఒక పెద్దమనిషి. మీనయ్య సారు.

ఆ గడియల్లో ఆయన ఏ కాగితం నింపలేదు. ఏ ఫొటో తియ్యలేదు. నలభై మందీ బతికారు.

జూలై 31న రాష్ట్ర మంత్రివర్గం కూర్చుంది. వరద నష్టాల లెక్కల మధ్య ఆయన పేరు వచ్చింది. స్వాతంత్ర్య దినోత్సవాన సత్కరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పోర్టల్ లేదు. మూడు గదులు లేవు. పది మార్కులు, తొంభై మార్కులు లేవు. ఒకే ఒక్క అంకె. 40.

ప్రతి టీచరుకీ వరద రావాలా? రాకూడదు. వాన లేని రోజున, ఎవరూ చూడని రోజున జరిగే పనిని చూడటానికే జ్యూరీలు పుట్టాయి. ఆ చూపు ఎంత దూరం రావాలో తెలియాలంటే ఇంకొక్క ఊరికి పోవాలి.

*

బంగారుపల్లి. కన్నాయిగూడెం మండలం. 2016 దాకా ఈ మండలం ఏటూరునాగారంలో భాగమే. గొత్తికోయల గూడెం. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన మనుషులు. రిజర్వు అడవి. అడవి చట్టం పక్కా గోడ లేవనివ్వదు.

అందుకే బడి గుడిసెలో. పైన గడ్డి. కింద మట్టి. వాన మొదలైతే ముందు మూల కారుతుంది. తర్వాత మధ్యలో కారుతుంది. పిల్లలు పలకలు ఒళ్లో పెట్టుకుని జరుగుతారు. ఇంకా జరుగుతారు. జరగడానికి చోటు అయిపోతుంది. ఆ రోజుకి బడి అయిపోతుంది.

గోడ కట్టొద్దన్నారు. సరే. గోడే లేని బడి తేవచ్చా?

2024 సెప్టెంబరులో ఆ ప్రశ్నకి జవాబు వచ్చింది. కంటైనర్. ఓడల్లో, లారీల్లో సరుకు మోసే ఇనుప పెట్టెని గదిలా మార్చారు. కిటికీలు పెట్టారు. రంగులు వేశారు. ఖర్చు సుమారు 13 లక్షల రూపాయలు. పునాది తియ్యలేదు. కాబట్టి అది కట్టడం కాదు. కట్టడం కాదు కాబట్టి అడవి అభ్యంతరం చెప్పలేదు. ఇదే జిల్లాలో పుట్టి, ఇదే జిల్లా నుంచి మంత్రి అయిన సీతక్క వచ్చి తలుపు తెరిచారు. రాష్ట్రంలో అదే మొదటి కంటైనర్ బడి.

ఒక కలెక్టరు, ఒక మంత్రి, కొందరు టీచర్లు, ఒక గూడెం కలిసి చట్టం గీత దాటకుండానే పిల్లల నెత్తి మీదికి చూరు తెచ్చారు. అవార్డుల పట్టీలో ‘వినూత్న ప్రయత్నం’ అనే గడి ఒకటి ఉంటుంది. దాని ఎదురుగా ఏం రాయాలో బంగారుపల్లి పిల్లలకి తెలియదు. వాళ్లకి తెలిసింది ఇంతే. వాన పడినా ఇప్పుడు పలక తడవదు.

ప్రపంచంలో అంతర్జాతీయ పాఠశాలలకి అవార్డులిచ్చే జ్యూరీల్లో కూడా తలలు పండిన ప్రిన్సిపాళ్లు, టీచర్లు కూర్చుంటారు. దేశదేశాల బడుల ఫైళ్లు తిరగేస్తారు. పచ్చిక మైదానాలు, రోబోటిక్స్ ల్యాబులు, ఈతకొలనులు. వాటి మధ్యకి ఒక ఇనుప పెట్టె ఫొటో వచ్చి పడితే వాళ్లలో కనీసం ఒకరైనా ఆగి చూస్తారు. ఆగిన చోట రెండో ప్రశ్న అడుగుతారు. ముందు ఎక్కడ చదివేవాళ్లు? గుడిసెలో. అంతకుముందు? చెట్టు కింద కాకపోతే ఎక్కడా లేదు. కానీ ఆ ఫొటో పంపేదెవరు? పేరు రాసేదెవరు? పరితేవాడి కథ లండన్ చేరడానికి పదకొండేళ్లు పట్టింది. అబ్బాపూర్ పేరు ఢిల్లీ మైకులో మోగింది. అబ్బాపూర్‌కి ఆవల, తాడ్వాయి అడవి దాటాక ఉన్న బడులు ఇంకా లైన్లో కూడా నిలబడలేదు.

పొద్దున తొమ్మిది. ఏజెన్సీలో ఏదో ఒక బడి. రాత్రి వాన వెలిసింది. చూరు నుంచి చుక్కలు ఇంకా పడుతున్నాయి. ఇప్ప చెట్ల మీదుగా ఎండ పొగలా దిగుతోంది. పిల్లలు బురద కాళ్లతో గడప దగ్గర ఆగారు. సారు హాజరు పట్టీ తెరిచాడు. ఒక్కో పేరు పిలుస్తున్నాడు. వెనక వరసలో కొత్తగా వచ్చిన పిల్ల చెయ్యెత్తింది.

‘ఏరు’ అంది.

సారు పట్టీ మూశాడు. బిందె దగ్గరికి పోయి గ్లాసు ముంచాడు.